కొలతల పుస్తకం

ఇంటాయన అద్దె ఏడువేలన్న రోజున
జాకెట్ల కొలతల పుస్తకాన్ని
వెనక నుంచి తిరగేసి
ఇళ్ల లెక్క మొదలుపెట్టాను.
ముందువైపు ఛాతీ, భుజం, చేతి పొడుగు.
వెనకవైపు హాలు, వంటగది, అడ్వాన్సు.
మధ్యలో తెల్లకాగితాలు
రోజురోజుకీ తగ్గుతున్నాయి.

ఆయన పేరు సన్యాసిరావు.
వెతుకుతున్నది ఇల్లు.
లైన్‌మన్ కదా,
ఏ గుమ్మం ఎక్కినా ముందు మీటరు చూస్తాడు.
"సబ్‌మీటరా? యూనిట్‌కెంతండీ?" అని
వాళ్లు చెప్పేలోపే మొహం ముడుస్తాడు.
నేను కిటికీ చూస్తాను.
దాని కింద మిషను పడుతుందా,
సాయంత్రం నాలుగింటికి
సూదిలో దారం ఎక్కేంత వెలుతురుంటుందా అని.

ఒకటి. దాసన్నపేట. పైవాటా. నీళ్లు రోజు విడిచి రోజు.
రెండు. కణపాక. కిటికీ ఉంది,
కిటికీకి ఎదురుగా గోడ ఉంది.
మూడు. గేదెల వాసన. అద్దె నయం.

పదో ఇంటికొచ్చేసరికి అంకెలు పనికిరాలేదు.
తోటపాలెం వంటగదిని
గాజులరేగ హాలుకి
నిద్రలో అతికించేస్తున్నాను.
మా హంసిని పేర్లు పెట్టింది:
కుక్క మొరిగిన ఇల్లు,
కుక్క మొరగని ఇల్లు,
జామకాయ మామ్మగారిల్లు,
నాన్న కాలు జారిన ఇల్లు.
ఆ తరవాత ఒక్కటీ కలిసిపోలేదు.

పదకొండు, బాబామెట్ట.
ద్వారబంధం మీద పెన్సిలు గీతలు,
ఒకదాని పైన ఒకటి, పక్కన తేదీలు.
మూడడుగుల రెండంగుళాల దగ్గర ఆగిపోయాయి.
ఏమైందని అడగలేదు.
అద్దె రాసుకోవడం మర్చిపోయాను,
ఆ కొలత మాత్రం రాసుకున్నాను.

పదమూడులో ఆవిడ మంచిది. కాఫీ ఇచ్చింది.
గ్లాసు కింద పెట్టాక
"మీరేటోలమ్మా?" అంది.
చెప్పాను.
"మా ఆయన్నడిగి ఫోన్ చేస్తానమ్మా" అంది,
నంబరు తీసుకోకుండా.
దీనికి నా పుస్తకంలో గడి లేదు.
ఇన్నేళ్లుగా ఇన్ని ఒళ్లు కొలిచాను,
టేపు మీద ఆ అంకె
ఎక్కడా తగల్లేదు.

"ఇంకా ఎన్ని సూత్తావే? బేగి ఏదోటి ఒప్పేసుకో."
ఆయన గోల ఆయనది.
ఒప్పేసుకుంటే ఎలా,
బిగువైతే కుట్టు విప్పి వదులు చెయ్యడానికి
ఇల్లేమన్నా జాకెట్టా?
అన్నాడే గానీ
మూడులాంతర్ల దగ్గర టులెట్ బోర్డు కనబడితే
బండి తనే పక్కకి తిప్పాడు.

నిన్న మధ్యాహ్నం
మా ఇల్లు చూడ్డానికే వచ్చారు.
కొత్తగా పెళ్లైన జంట. ఆ అమ్మాయి చేతిలో డైరీ.
నా మంచం, నా గిన్నెలు, దండెం మీద మా తడిబట్టలు,
అన్నిటి మధ్య నుంచీ ఒదిగి ఒదిగి నడిచింది.
కుళాయి తిప్పి చూసింది,
అచ్చం నేను తిప్పినట్టే.
పెరట్లోకి వెళ్తూ
డైరీ నా మిషను మీద పెట్టింది.
చూడకూడదు. చూశాను.

"తొమ్మిది. వంటింట్లో మసి. నీళ్లు సన్నం.
కిటికీ బావుంది.
ఆవిడ నవ్వలేదు."

ఏడేళ్లు ఆ కిటికీ కిందే కుట్టాను.
బావుందని ఎవరితోనూ అన్నట్టు గుర్తులేదు.

గేటు దాకా వెళ్లినవాళ్లని వెనక్కి పిలిచాను.
నీళ్లు పొద్దున్న ఆరింటికి లావుగా వస్తాయని చెప్పాను.
వానొస్తే వంటింటి మూల ఉరుస్తుంది,
బియ్యం డబ్బా అక్కడ పెట్టుకోవద్దని చెప్పాను.
నవ్వాను కూడా.
ఆ అమ్మాయి డైరీ తెరిచి ఏదో కొట్టేసింది.
ఏదో మాత్రం చూడలేదు.

రాత్రి అందరూ పడుకున్నాక
టేపు తీసి కిటికీ కొలిచాను.
మూడున్నర బై నాలుగు.
పుస్తకంలో ముందువైపు రాయాలో
వెనకవైపు రాయాలో తేలక
టేపు మెళ్లో వేసుకుని
అలాగే కూర్చున్నాను.